సారుకు కనబడని గీత

మా ల్యాబులకు పోవాల్నంటే చెప్పులు బైటనే ఇడవాలె. దుమ్ము పడితే కంప్యూటర్లు కరాబైతయని ఆ కట్టుబాటు. గుడికి పోయినట్టు వరండల చెప్పులు ఇడిచి, ఏసీ చలికి భుజాల నిండ చున్నీ కప్పుకొని లోపలికి పోతుంటే మొదట్ల నాకు నవ్వొచ్చేది. నవ్వొస్తే చెయ్యి దానంతట అదే నోటికి అడ్డం పోయేది. అది చిన్ననాటి అలవాటు. మాది ఫ్లోరైడ్ నీళ్ళ జిల్లా. నా ముందటి పండ్ల మీద గోధుమరంగు చారలున్నయి, ఎంత తోమినా పోవు. క్యాంపస్‌ల నేను నోరు తెరిస్తే చాలు, ఏ దిక్కు పిల్లనో ఎదుటోళ్ళకు ఎరుకైపోయేది. అందుకే నోరు తక్కువ తెరిచేదాన్ని. కోపమొచ్చినప్పుడు మాత్రం పండ్ల సంగతి మర్చిపోయేదాన్ని, కోపం నాకు జెర ఎక్కువనే.

తొంభైల మొదట్ల సంగతి ఇది. తార్నాకల ఒక ఇంటి మీద రేకుల అర్ర కిరాయికి తీసుకొని ఉండేదాన్ని. పొద్దున చౌరస్తల చాయ్ తాగి, చెట్ల నీడల నడుసుకుంట క్యాంపస్‌కు పోయేదాన్ని. ఊర్ల ఎవరన్న "నీ బిడ్డ ఏం చదువుతున్నది పటేలా?" అని అడిగితే మా నాయిన "కంప్యూటర్" అని ఒక్క ముక్క చెప్పి తప్పించుకునేటోడు. పాపం ఆయననేమంట, అది ఇడమరిచి చెప్పాల్నంటే నాకే నాలుక మడతపడేది.

మా పనిల మూడు పనులు కలిసి ఉండె. సైన్సోళ్ళు కొలిచి తెచ్చే అంకెలను చూడదగ్గ బొమ్మలుగ మార్చుడు ఒకటి. ఆ బొమ్మను చూసిన మనిషి కన్ను ఏం అర్థం చేసుకుంటదో పరీక్ష పెట్టి తెలుసుకునుడు ఇంకొకటి. మనిషి కన్ను ఏడ మోసపోతదో ముందుగాలనే పసిగట్టెటట్టు కంప్యూటర్‌కు నేర్పుడు ఆఖరుది. హాస్టల్ పిల్లలను బతిమిలాడి, సమోస చాయ్ ఆశ చూపి తోలుకొచ్చేదాన్ని. తెర ముందట కూసుండబెట్టి బొమ్మల రెండు చుక్కలు చూపిచ్చి "ఏ చుక్క కాడ ఎక్కువున్నది, చెప్పున్రి" అని అడిగేదాన్ని. వాళ్ళ జవాబులన్ని న్యూరల్ నెట్‌వర్క్ అనే ప్రోగ్రాంకు మేపేటోళ్ళం. అది ఉదాహరణలు చూసి చూసి నేర్చుకుంటది. ఒక్కపాలి నడిపిస్తే పొద్దుగూకే దాక నడుస్తనే ఉండేది. నడుమల కరెంట్ పోయిందా, ఇగ అంతే సంగతులు, మళ్ళ మొదటికి రావాలె.

మా పీహెచ్‌డీ గైడ్‌ను అందరం సార్ అనే అనేటోళ్ళం. బౌద్ధనగర్ నుంచి పాత స్కూటర్ మీద వచ్చేటోరు. ఎప్పుడు తెల్లంగినే. ఏండ్ల నుంచి రీడర్‌గనే ఉన్నరు, ప్రొఫెసర్ కాలే. ఇంటర్వ్యూకు పోయినప్పుడల్ల కంప్యూటర్ వాళ్ళు "ఇది సైకాలజీ" అనేటోళ్ళు. సైకాలజీ వాళ్ళు "ఇది కంప్యూటర్" అనేటోళ్ళు. భూగర్భశాస్త్రం వాళ్ళయితే "మాకు మంచిగ బొమ్మలేసి ఇస్తడు" అని మెచ్చుకునేటోళ్ళు, సినిమ బోర్డులు రాసే పెయింటర్‌ను మెచ్చుకున్నట్టు! వింటుంటే నాకు వొళ్ళు మండేది. సార్ నవ్వి ఊకునేటోరు.

ఆయనది ఒక్కటే పట్టుదల. ఏ బొమ్మనైన మొదలు నలుపు తెలుపుల వెయ్యాలె. ఎక్కువున్న కాడ నలుపు, తక్కువున్న కాడ తెలుపు, నడుమంత బూడిదరంగు. "గట్ల కనబడని సంగతి రంగులెయ్యంగనే కనబడ్డదంటే అనుమానపడాలె" అనేటోరు. మేం ఆ మాటను శాస్త్రం లెక్కనే నేర్చుకున్నం, అది ఏడికెల్లి పుట్టిందో ఎవ్వరం అడగలే.

అసొంటి ల్యాబుకు ఒకనాడు రంగుల మానిటర్ వచ్చింది. కొబ్బరికాయ కొట్టి, దాని నెత్తికి పసుపు కుంకుమ పెట్టినం. మా సీనియర్ స్కాలర్ ఒకాయన ఇగ దాని ముందట నుంచి లేస్తే ఒట్టు. రంగుల్ల అచ్చేసే ప్రింటర్ మాకు లేకుండె. తెర మీది బొమ్మ పదిమందికి చూపియ్యాల్నంటే, మానిటర్‌ను కెమెరాను కలిపి నల్ల దుప్పటి కప్పి, అండ్ల దూరి ఫోటో తియ్యాలె. ఆ రీలు తార్నాకల ఫోటో స్టూడియోకు ఇచ్చి స్లైడ్లు చేయించాలె. ఆ రంగుల స్లైడ్లు గోడ మీద పడంగనే చూసినోళ్ళు "అబ్బబ్బ" అనేటోళ్ళు. మా బూడిదరంగు స్లైడ్లకు ఎవ్వరు అబ్బ అనలే.

నాకు సుత రంగుల దిక్కు పానం గుంజేది. "సార్, ఒక్క బొమ్మన్న రంగుల్ల వేస్త" అని ఎన్నిసార్లు అడిగిన్నో. "వెయ్యమ్మా, ఎవరొద్దన్నరు? ముందుగాల బూడిదరంగుల చూపియ్యి" అనేటోరు. ఏం మొండి మనిషి రా దేవుడా అనుకునేదాన్ని.

గప్పుడే మంచినీళ్ళ పథకం చూసే ఆఫీసు నుంచి మా ల్యాబుకు ఒక పని వచ్చింది. ఫ్లోరైడ్ ఊర్లకు దూరం నుంచి పైపులేసి మంచినీళ్ళు తేవాలె. ఒక్కసారే అన్ని ఊర్లకు కాదు కాబట్టి ముందు ఏ ఊర్లకు ఇయ్యాల్నో పటం వేసి చూపియ్యాలె. ఆ జిల్లా మా జిల్లానే. మా ఊర్ల మా మేనమామ నడుము ఆ నీళ్ళకు అప్పటికే వంగి బిగుసుకపోయింది, ఆయన మొఖం చూడాల్నంటే మనం కింద కూసోవాలె. అదే నెలల మా వదినె ఆడపిల్లను కన్నది. నేను ఊరికి పోయి ఆ పసిదాన్ని ఒళ్ళె ఏసుకున్న. అది బోసినోరు తెరిచి ఆవులిస్తే ముద్దొచ్చింది, ఆ ఎనకనే భయమైంది. పాలు మరిచిందంటే అది తాగేది బోరింగు నీళ్ళే. చిన్నప్పుడు తాగిన నీళ్ళే లోపల పండ్లను, నడుము బొక్కలను తయారుచేస్తయి. ఈ పిల్ల పాలు మరిచేలోపల మా ఊరికి మంచినీళ్ళు రావాలె, నాకు ఇంకేమొద్దు అనుకున్న.

పటం వేసే పని సీనియర్‌కు పడ్డది. ఆఫీసోళ్ళు కొన్ని ఊర్ల బోరింగుల నీళ్ళు పరీక్ష చేయించి ఆ అంకెలు పంపిన్రు. పరీక్ష చెయ్యని ఊర్లకు, అటు ఇటు ఉన్న ఊర్ల అంకెలను బట్టి కంప్యూటరే అంచనా కట్టుకొని రంగు నింపుతది. ప్రమాదమున్న కాడ ఎరుపు, ఫరవలేదన్న కాడ ఆకుపచ్చ. రంగులే కావాల్నని ఆఫీసోళ్ళే అడిగిన్రు. తెర మీద పటం పూర్తిగ వచ్చిననాడు నేను సీనియర్ కుర్చీ ఎనక నిలబడి మా ఊరు ఏడున్నదో ఎతికిన. మా పక్కూరు ఎర్రగున్నది. మా ఊరు పచ్చగున్నది. రెండిట్ల నడుమ కత్తితోటి కోసినట్టు గీత.

"అన్నా, మా ఊరి నీళ్ళు పరీక్షనే చెయ్యలే గదా, పచ్చరంగు ఎట్లొచ్చింది?"

"మీకు అటున్న ఊర్ల ఎక్కువొచ్చింది, ఇటున్న ఊర్ల తక్కువొచ్చింది. మీరు నడుమ పడ్డరు. అంచనా హద్దుకు జెరంత కిందికున్నది, అంతే" అన్నడు.

"మా ఊరి నీళ్ళ సంగతి నాకెరుక లేదా? నా పండ్లు చూడన్నా!"

"నీ పండ్లు డేటా కాదు గదమ్మా."

ఆయన చెడ్డోడేం కాదు. కాని ఆ మాట నాకు చెంప మీద కొట్టినట్టు తాకింది. బైటికొచ్చి, చెప్పులు సుత ఏసుకోకుండ చెట్టు కింద కూసొని ఏడ్చిన. ఏడ్చి, మొఖం కడుక్కొని మళ్ళ లోపలికి పోయిన. అవే అంకెలు తీసుకొని బూడిదరంగుల పటం వేసిన. గీత మాయమైంది! నలుపు మెల్లమెల్లగ తేలుకుంట తెల్లబడుతున్నది, ఏడా గోడ లేదు. మా ఊరు పక్కూరంత నల్లగనే ఉన్నది. మా న్యూరల్ నెట్‌వర్క్‌కు రంగుల పటం ఇచ్చి, మనుషులు ఏడ మోసపోతరో చెప్పుమన్న. అది గూడ సక్కగ ఆ గీత కాడికే పోయి వేలు పెట్టింది. అన్ని తీసుకపోయి సార్ ముందట పెట్టిన. సార్ చాలసేపు చూసి "ఆఫీసోళ్ళతోటి అయ్యే మీటింగుల రెండు పటాలు పెడదం" అన్నరు.

మీటింగ్ క్యాంపస్‌లనే అయింది. కిటికీలకు నల్ల పరదలు ఏసిన హాలు, పొడుగు బల్ల, ఆఫీసు పెద్దాయన, ఆయన ఇంజనీర్లు, వేరే డిపార్ట్‌మెంట్ల ప్రొఫెసర్లు. సీనియర్ రంగుల స్లైడ్ ఎయ్యంగనే హాలంత కుర్చీల ముందుకు జరిగింది. పెద్దాయన మెచ్చుకోలుగ తల ఊపిండు. "చాలా స్పష్టంగా ఉందండీ. ఎర్రగా ఉన్న ఊళ్ళు మొదటి విడత. పచ్చగా ఉన్నవి తర్వాత చూద్దాం" అన్నడు. సర్కారు పనుల్ల తర్వాత అనే మాటకు అర్థమేందో మా ఊర్ల చిన్నపిల్లలకు గూడ తెలుసు.

ఆ ఎనక నా బూడిదరంగు స్లైడ్ పడ్డది. "ఇదేంటండీ, జిరాక్స్ కాపీలా ఉంది?" అని పెద్దాయన అన్నడు. అందరు నవ్విన్రు. నెట్‌వర్క్ సంగతి చెప్పవోతే "మిషన్ చెప్పింది సరే, మా కళ్ళకు కనిపిస్తోంది కదమ్మా" అని నన్ను కూసోమన్నడు.

గప్పుడు సార్ లేసిన్రు. తెల్లంగి మీద ప్రొజెక్టర్ ఎలుగు పడుతున్నది. "మొదటి పటం మళ్ళ ఎయ్యి" అన్నరు. రంగుల పటం వచ్చింది. "అండి, ఇండ్ల మీ అందరికి కనబడే గీత నాకు కనబడతలేదు."

"అంటే శాస్త్రీయంగా మీకు అభ్యంతరం ఉందా?"

"గది కాదండి. నిజంగనే కనబడతలేదు. నా కండ్లకు ఈ ఎరుపు, ఈ పచ్చ ఒక్క తీరుగనే ఉంటయి. పుట్టినప్పటి నుంచి గంతే."

నేను, సీనియర్ ఒకరి మొఖం ఒకరం చూసుకున్నం. మాకు తెల్వదు. రోజు ఆయన ముందట కూసొని చూపు గురించి మాట్లాడిన మాకు ఆయన చూపు సంగతి తెల్వదు.

ఒక ప్రొఫెసర్ నవ్వు ఆపుకుంటనే అడిగిండు. "మరి ఇన్నేళ్ళు చూపు మీద పరిశోధన ఎలా చేశారండీ?"

"అందుకనే చేసిన" అన్నరు సార్. గొంతు లేవలే, దిగలే. "చిన్నప్పుడు మా క్లాసుల అందరికి కనబడేది నాకు కనబడకపోయేది. తప్పు నాదే అనుకునేటోణ్ణి. పెద్దగైనంక, అందరికి కనబడేది ఉన్నదా లేదా అని సుత అడగాలె గదా అనిపించింది. ఇండ్ల మీరు చూసే గోడ నేల మీద లేదండి. రంగులల్ల ఉన్నది. ఆ గీత మీద ఉన్న ఊర్ల నీళ్ళు ఎవ్వరు పరీక్ష చెయ్యలే. అంకెలు తీసి చూడున్రి."

అంకెలు ఒక్కరన్న చూస్తే ఒట్టు! అందరు సార్ కండ్లనే చూస్తున్నరు. "కలర్ బ్లైండట" అని ఎనక నుంచి గుసగుస. ఒక ఇంజనీర్ జేబుల పెన్ను తీసి ఎత్తి పట్టి "ఇదే రంగండీ?" అని అడిగిండు, జంతు ప్రదర్శనశాలల అడిగినట్టు. సార్ ఆ పెన్ను దిక్కు చూసి "తెల్వదండి" అన్నరు. ఇన్నేండ్లు దాచుకున్న సంగతి ఊర్ల మంచి కోసం బల్ల మీద పెడితే, వీళ్ళు దానితోటి ఆడుకుంటున్నరు. నాకు కోపం ఆగలే. నేను లేసిన. నన్నెవ్వరు లెవ్వుమనలే.

"ఆ గీత పక్కపొంటి పచ్చగున్నది మా ఊరు సార్" అన్న. ఎప్పటి లెక్కనే చెయ్యి నోటికి అడ్డమున్నది. దాన్ని తీసేసిన. పెదవులు ఎనకకు గుంజి, అంగట్ల పశువు పండ్లు చూపిచ్చినట్టు నా పండ్లు చూపిచ్చిన. ప్రొజెక్టర్ ఎలుగు నా మొఖం మీదనే పడుతున్నది. "నేను ఆ నీళ్ళు తాగే పెరిగిన. మీ అందరికి రంగులు మంచిగ కనబడతయి గదా. ఇది ఏ రంగో చెప్పున్రి."

పెన్ను ఎత్తినాయన పెన్ను జేబుల పెట్టుకున్నడు. పెద్దాయన నా మొఖం చూసి, తల దించుకొని, ఇంజనీర్ల దిక్కు తిరిగిండు. "ఆ గీత మీదున్న ఊళ్ళ నీళ్ళు తెప్పించి పరీక్ష చేయించండి. అప్పటిదాకా ఈ పటం ఆపండి."

బైటికొచ్చినంక మెట్ల కాడ సార్‌ను పట్టుకున్న. "ఎందుకు చెప్పిన్రు సార్? చెప్పినా మీ మాట వినలే గదా!"

"నీ మాట విన్నరు గదమ్మా. ముందుగాల ఒకలు లెవ్వాలె, గంతే" అని స్కూటర్ తాళం తీసిన్రు. ఆనాడు చౌరస్త దాక నన్ను ఎనక ఎక్కించుకున్నరు. సిగ్నల్ కాడ ఆయన దీపం దిక్కు చూడలే. పక్క బండ్లు కదిలినంక కదిలిన్రు. ఏండ్ల నుంచి ఆయన గట్లనే పోతున్నరు కావొచ్చు, నేను ఆనాడే చూసిన.

నీళ్ళ పరీక్షలైనయి. మా ఊరు, ఆ గీత పొంటి ఉన్న ఊర్లు మొదటి విడతల చేరినయి. పైపులు మెల్లగ వచ్చినయి గని, అప్పటి దాక ట్యాంకర్ రాబట్టింది. మా అన్న బిడ్డ పాలు మరిచేనాటికి ఇంట్ల బిందె నిండ మంచినీళ్ళున్నయి. ఆ సంగతి వదినె చెప్తే, తార్నాకల రేకుల అర్రల ఒక్కదాన్నే కూసొని కడుపార నవ్విన.

సార్‌కు మాత్రం అది మంచి చెయ్యలే. ఆ తర్వాత ప్రొఫెసర్ ఇంటర్వ్యూకు పోతే, ఆయన చేసిన పని గురించి ఒక్క మాట అడగలేదట. "రంగులు తెలియని మనిషి ఈ సబ్జెక్టు ఎలా నడిపిస్తారు?" అని మళ్ళమళ్ళ గదే అడిగిన్రట. ఇదివరకు ఏ డిపార్ట్‌మెంటోడో తెల్వదని ఆపిన్రు, ఇప్పుడు చెప్పెతందుకు ఒక కారణం దొరికింది. ఆయన రీడర్‌గనే రిటైరైన్రు. అది అన్యాయం. అప్పుడన్న, ఇప్పుడు గూడ అంటున్న. సీనియర్ మాత్రం ఆ మీటింగ్ నుంచి ప్రతి బొమ్మ మొదలు బూడిదరంగుల వేసి సార్ బల్ల మీద పెట్టేటోడు. నా పీహెచ్‌డీ అయింది, కంప్యూటర్ పేరు మీద నాకొక ఉద్యోగం గూడ దొరికింది. మూడు పేర్లు కలిసిన ఉద్యోగం అప్పుడు ఏడా లేకుండె.

ఆ దశాబ్దం ఆఖర్ల, రిటైరైనంక, ఒక ఎండకాలం సార్ మా ఊరు చూస్తనన్నరు. బస్సుల తోలుకపోయిన. బస్టాండ్ కాడ మా అమ్మ, మా అన్న బిడ్డ మాకోసం నిలబడ్డరు. నేను సామాన్లు దింపుతున్న. సార్‌కు దూప అయింది కావొచ్చు, సక్కగ రోడ్డు పక్కనున్న బోరింగు కాడికి పోయి, రెండు సార్లు కొట్టి, దోసిలి పట్టిన్రు.

"తాతా! తాగకు!" అని పిల్ల ఉరికింది. "గది ఎర్ర బోరింగు!"

మా దిక్కు తాగరాని బోరింగులకు ఆఫీసోళ్ళు ఎర్రరంగు పూసిపోయిన్రు, తాగేటియి ఏమన్న ఉంటే వాటికి పచ్చరంగు. సార్ చేతులు ఆడనే ఆగినయి. నీళ్ళు వేళ్ళ సందుల నుంచి కారిపోయినయి. "ఎర్రగున్నదా బిడ్డా?" అని అడిగిన్రు.

ఎవరు నోరు తెరిస్తే మా ఊరికి మంచినీళ్ళు వచ్చినయో, ఆ మనిషి ఒక్కనికే కనబడకుండ రాసిపెట్టిన్రు ఈ నీళ్ళు తాగొద్దని. మూడు పనులు కలిపి చదివిన నాకు సుత, ఇన్నిసార్లు ఆ బోరింగు ముందట నుంచి పోయినా, ఆ సంగతి తట్టలే. సార్ మాత్రం కోపానికి రాలే. జెర సున్నం తెమ్మన్నరు. మా అమ్మ దగ్గర్లనే ఉన్న ఇంట్లకు పోయి ముంతల సున్నం తెచ్చింది. సార్ వేళ్ళు అండ్ల ముంచి, బోరింగు మీద అడ్డం నిలువు పెద్ద ఇంటు గుర్తు గీసిన్రు. "ఇగ నా అసొంటోడు ఎవడన్న వచ్చినా ఆగుతడు" అన్నరు.

అంత పెద్దమనిషి చేతులకు, తెల్లంగికి సున్నం పూసుకొని నిలబడుడు చూసి పిల్లకు నవ్వాగలే. కిలకిల నవ్వింది. చేతులు రెండు నడుము మీదున్నయి, నోటి దిక్కు రానే రాలే. దాని ముందటి పాలపండ్లు ఊడి కొత్తయి వచ్చినయి.

"సార్, దాని పండ్లు..." అన్న.

"కనబడుతున్నయమ్మా" అన్నరు సార్. "తెలుపు నాకు మంచిగనే కనబడతది."